మావయ్య బీరువాలో నా ఓటరు కార్డు

మా మావయ్య "ఇస్తాను" అనలేదు. "అడుగు, ఇస్తాను" అన్నారు. ఈ రెండు మాటలకీ తేడా ఏముందని అత్త ఇప్పటికీ నన్నే తప్పు పడుతుంది. నా వరకు తేడా ఉంది. ఎంబీఏ ప్రవేశ పరీక్ష కోసం నేను పెట్టిన రెండేళ్లలో ఒక ఏడాది ఆ తేడాలోనే పోయింది.

నేను పుట్టి పెరిగింది అండమాన్‌లో, రంగత్‌లో. తాత శ్రీకాకుళం వైపు నుంచి ఓడ మీద వచ్చి అక్కడ స్థిరపడ్డాడు. నాన్నది బజారులో సిమెంటు, ఇనుము కొట్టు. డిగ్రీ అయ్యాక నాకు పోర్ట్ బ్లెయిర్‌లో ఒక ప్రభుత్వాఫీసులో కాంట్రాక్టు మీద కంప్యూటర్ పని దొరికింది. ఆడపిల్ల ఒక్కతే గది తీసుకుని ఉండటం ఏమిటని నాన్న నన్ను డెలానీపూర్‌లో తన చెల్లెలి ఇంట్లో దింపి వెళ్లారు. మావయ్య అంటే ఆ అత్త భర్త. ఇంకో ఆఫీసులో హెడ్ క్లర్కు. సంతకం, సీలు, ఒరిజినల్, జిరాక్సు. ఆయన ప్రపంచమంతా ఈ నాలుగు మాటల్లో ఇమిడిపోతుంది.

వాళ్లది రెండు గదుల గవర్నమెంటు క్వార్టర్. నేను ముందు గదిలో దివాన్ మీద పడుకునేదాన్ని. ఆయన ఐదింటికే లేచి టీవీ పెట్టుకుంటారు కాబట్టి అంతకు ముందే నా పక్క ఎత్తేసి, దుప్పటి మడిచి కనపడకుండా పెట్టాలి. నాలుగేళ్లకి పైగా ఆ ఇంట్లో ఉన్నాను. నాదంటూ ఉన్న చోటు కుట్టు మిషన్ కింద ఒక అట్టపెట్టె. పుస్తకాలు అందులోనే. చదువు వంటింటి గడప మీద. ఏ రోడ్డు పట్టుకుని నడిచినా కాసేపటికి సముద్రం ఎదురొచ్చేది. దూరం నుంచి వచ్చిన వాళ్లు దాని ముందు నిలబడి ఫోటోలు తీసుకుంటూ ఉంటే నేను వెనక్కి తిరిగి అదే రోడ్డు మీద ఇంటికి వచ్చేదాన్ని.

ఆఫీసులో నా పని ఏమిటో చెబితే నవ్వొస్తుంది. నాకు రాలేదు. మెయిన్‌ల్యాండ్‌లో చదువుకోవడానికి వెళ్లే పిల్లల దరఖాస్తులు కంప్యూటర్లోకి ఎక్కించడం. పేరు, తండ్రి పేరు, కోర్సు, కాలేజీ ఉన్న ఊరు. పుణె, బెంగళూరు, హైదరాబాదు. రోజంతా ఒక్కొక్కరినీ పంపించి, సాయంత్రం నేను బస్సెక్కి డెలానీపూర్ వచ్చేదాన్ని. ఆరు నెలలకోసారి కాంట్రాక్టు మళ్లీ రాసేవారు. సంతకం పెట్టేముందు సూపరింటెండెంటు ప్రతిసారీ ఒకటే మాట అనేవాడు, ఎక్కడికి పోతావులే అని. ఆయన మంచిగానే అన్నాడని అందరూ అంటారు. ఐదుసార్లు అన్నాడు.

అందుకే మొదలుపెట్టాను. పేరున్న కాలేజీలో సీటు తెచ్చుకుని, ఎవరి దయా లేకుండా, నా మార్కులతో నేను ఈ దీవి దాటాలి. కోరిక ఒక్కటే, అంతకుమించి లేదు.

ఆన్‌లైన్ క్లాసుల్లో చేరాను. క్లాసు చెప్పే సారు ఢిల్లీలో ఎక్కడో కూర్చుని చెప్పేవాడు. మూడొందల మందిమి వినేవాళ్లం. మొదటి రోజు ఎవరెవరు ఎక్కడి నుంచని అడిగితే నేను రాశాను. ఆ రోజు నుంచి ఆయనకి నా పేరు అండమాన్. సందేహం అడిగితే, అండమాన్‌కి కరెంటు ఉందే, అనేవాడు. పక్కన నవ్వు బొమ్మలు వరుసగా వచ్చేవి. వాటిలో ఎవరెవరివి ఉండేవో నేను ఇప్పటికీ చెప్పగలను. కాలేజీలకి పంపే వ్యాసం దిద్దించుకోవడానికి పంపితే, సునామీ గురించి ఏమీ లేదేమిటి, అండమాన్ నుంచి వచ్చి సునామీ రాయకపోతే ఎవరు చదువుతారు అని తిప్పి పంపాడు. సునామీ నాటికి నాకు ఐదేళ్లు. మా ఇంటి గోడ బీటలిచ్చింది, అంతే. మా వీధిలో ఎవరూ పోలేదు. లేని ఏడుపు రాయనని రాశాను.

నిజానికి నన్ను బాధపెట్టింది రైలు లెక్కలు. ఈ పరీక్షలకి చదివే వాళ్లందరికీ తెలుసు, రెండు రైళ్లు ఎదురెదురుగా వస్తాయి, ఒకదాన్నొకటి ఎంతసేపట్లో దాటతాయో చెప్పాలి. మా దీవుల్లో రైలు లేదు. నేను డిగ్రీ వరకు అక్కడే చదివాను. రైలుకి పొడవు ఉంటుందని, ఆ పొడవు కూడా లెక్కలోకి వస్తుందని నా బుర్రకి ఎక్కేది కాదు. చివరికి రైళ్లు తీసేసి రెండు మోటారు డుంగీలు, మా చేపల పడవలు, పెట్టుకున్నాను. ఒక డుంగీ ముక్కు ఇంకో డుంగీ ముక్కుని కలిసిన క్షణం నుంచి తోకలు విడిపోయేదాకా. అప్పుడు వచ్చింది.

ఒక ఆదివారం మావయ్య ఆఫీసు వాళ్లు నలుగురు ఇంటికొచ్చారు. నేను టీ ట్రే పట్టుకుని వెళితే ఆయన, మా కోడలు పెద్ద పరీక్షకి చదువుతోందండీ అని, ఏం చదువుతున్నావో వాళ్లకి చెప్పమన్నారు. గొప్పగా చెప్పుకోవాలనుకున్నారేమో అని నేనూ మోసపోయి, రైలు లెక్కలు అన్నాను.

ఆయన వాళ్ల వైపు తిరిగి, "రైలు మొహమే చూడలేదు భయ్యా, రైలు లెక్కలు చేస్తుందంట" అన్నారు. తరవాత నా వైపు తిరిగి, "ముందు ఒకసారి ఎక్కి రావే. అప్పుడు చేద్దూగాని."

నలుగురూ నవ్వారు. వాళ్లలో ఒకాయన నవ్వుతూనే నా చేతిలోంచి కప్పు తీసుకున్నాడు. నేను ట్రే బల్ల మీద పెట్టేసి లోపలికి వచ్చేశాను. ఆ రోజు నుంచి ఆయనతో అవసరానికి మించి మాట్లాడలేదు. ఆయన గమనించారో లేదో నాకు తెలీదు. గమనించాలనే మాట్లాడలేదు.

అక్టోబరులో ఒక పెద్ద మాక్ టెస్ట్. దేశమంతా ఒకే సమయానికి రాస్తారు, అందులో వచ్చే ర్యాంకుతో మన స్థితి తెలుస్తుంది. సరిగ్గా ఆ ఆదివారమే ఇంట్లో అందరం వండూర్ బీచికి పిక్నిక్ అన్నారు. నేను రానన్నాను. ఇల్లు తాళం వేసుకుని వెళ్లాలి, ఆడపిల్లని ఒక్కదాన్ని వదిలి వెళితే రేపు మీ నాన్నకేం చెప్పాలి అన్నారు మావయ్య. వండూర్‌లో చెట్టుకింద చాప మీద కూర్చుని ఫోన్‌లోనే రాయడం మొదలుపెట్టాను. ముప్పై ఒకటో ప్రశ్న దగ్గర సిగ్నల్ పోయింది. మళ్లీ రాలేదు. అత్త పులిహోర పెట్టిన ప్లేటు తెచ్చి, అయిపోయిందా, అంత తొందరగానా అంది. అక్కడ తీసిన ఫోటో ఇప్పటికీ వాళ్ల ముందు గదిలో ఉంది. అందులో నేను ఒక్కదాన్నే కెమెరా వైపు చూడటం లేదు.

హాల్ టికెట్ వచ్చింది. పరీక్ష పోర్ట్ బ్లెయిర్‌లోనే, ఊరి చివర ఒక కంప్యూటర్ సెంటర్లో, ఆదివారం ఉదయం. ఎనిమిదింపావుకి గేటు మూసేస్తారు. ఫోటో ఉన్న ఒరిజినల్ గుర్తింపు కార్డు తేవాలని రాసి ఉంది.

అక్కడ పుట్టిన వాళ్లకి కార్డు అంటే ఐలాండర్ కార్డు. ఆ దీవుల వాళ్లమని చెప్పే కార్డు. ఓడ టికెట్టుకి అదే, బోటు కౌంటర్లో అదే, ఆస్పత్రిలో అదే. నాకు పదేళ్లప్పటి నుంచి అది మెడలో తాళంచెవిలా తిరుగుతోంది. ఇంకో కార్డు చూపించమని జన్మలో ఎవరూ అడగలేదు. ఆధార్ కార్డు రంగత్‌లో నాన్న ట్రంకుపెట్టెలో ఉంది. ఇంట్లో అందరి ఒరిజినల్సూ ఆయన దగ్గరే. ఓటరు కార్డు మావయ్య బీరువాలో ఉంది. నన్ను ఆ ఇంటి చిరునామా మీద ఓటరుగా చేర్పించింది ఆయనే. పోస్టులో కార్డు వస్తే సంతకం పెట్టి తీసుకుని, జిరాక్సు నా చేతిలో పెట్టి, ఒరిజినల్ బీరువాలో పెట్టి తాళం వేశారు.

పరీక్షకి మూడు రోజుల ముందు అన్నం తింటూ ఆయన ఏ కార్డు తీసుకెళుతున్నావని అడిగారు. ఐలాండర్ కార్డు అన్నాను.

"అది మనకి కార్డు. మెయిన్‌ల్యాండ్ వాళ్లకి అదేటో మాలూమే ఉండదు" అన్నారు. "నీ ఓటరు కార్డు నా దగ్గరుంది. అడుగు, ఇస్తాను."

బీరువా ఆయన వెనకే ఉంది. తాళంచెవి ఆయన మొలతాడుకి ఉంటుంది. లేచి రెండడుగులు వేస్తే చాలు. కానీ నేను అడగాలి. ముందు గదిలో నలుగురి మధ్య నన్ను నవ్వులపాలు చేసిన మనిషిని, నా కార్డు నాకివ్వమని నేను బతిమాలాలి. చేయి కడుక్కుని లేచిపోయాను. శుక్రవారం అడగలేదు. శనివారం అడగలేదు. ఆయన కూడా మళ్లీ ఎత్తలేదు. పళ్లెంలో చేప ముల్లు తీసుకుంటూ ఒకసారి మాత్రం నా వైపు చూశారు.

ఆదివారం ఏడింటికి గేటు దగ్గర ఉన్నాను. కార్డులు చూసే మనిషి నా కార్డుని అటూ ఇటూ తిప్పి, తన కాగితం మీద ఉన్న జాబితాతో పోల్చి, ఇది లేదు దీదీ, ఇంకోటి చూపించండి అన్నాడు. ఇది ప్రభుత్వం ఇచ్చిందని చెప్పాను. ఉండొచ్చు, నా జాబితాలో లేదు అన్నాడు. గట్టిగా మాట్లాడాను. సూపర్‌వైజర్ని పిలిపించాను. ఆయన ఇంకా మర్యాదగా అదే మాట చెప్పాడు. వెనకవాళ్లు నన్ను దాటుకుని ఒక్కొక్కరే లోపలికి వెళ్లిపోతున్నారు. రోజూ ఆఫీసులో నేను పంపించే వాళ్లలాగే.

ఇంటర్నెట్‌లోంచి ఆధార్ తీసి ప్రింటు కొట్టించుకుందామంటే, దానికి వచ్చే ఓటీపీ నంబరు నాన్న ఫోన్‌కి వస్తుంది. ఆయన ఆ రోజు సిమెంటు లోడు కోసం పోర్ట్ బ్లెయిర్ బయల్దేరి, తెగల వాళ్లుండే అడవి రోడ్డు మీద, పోలీసులు గుంపుగా పంపే లారీల కాన్వాయ్‌లో ఉన్నారు. ఆ దారి పొడుగునా సిగ్నల్ ఉండదు. మూడుసార్లు చేశాను. మూడుసార్లూ అదే ఆడగొంతు, హిందీలో, తరవాత ఇంగ్లీషులో.

ఏడూ నలభై అయింది.

అత్తకి చేశాను. తాళంచెవి ఆయన దగ్గరుంది, ఆయన చేపల మార్కెట్‌కి వెళ్లారు, ఆయనకే చెయ్యవే అంది. ఎండ అప్పుడే చురుక్కుమంటోంది. గేటు పక్క గోడవైపు తిరిగి ఆయన నంబరు నొక్కాను. వెనక చేపలమ్మే వాళ్ల కేకలు. నేను గేటు దగ్గర ఉన్నానని, లోపలికి రానివ్వడం లేదని చెప్పాను. ఆయనకి ఆ పాటికే అర్థమై ఉంటుంది. అయినా ఆగారు.

"అయితే ఏటి కావాలి?" అన్నారు.

"ఓటరు కార్డు."

"ఎవరిది?"

"నాది. ఇవ్వండి మావయ్యా."

"అదేదో మొన్ననే అనుంటే పోయేది కదే" అని ఫోన్ పెట్టేశారు.

ఎనిమిదీ ఐదుకి స్కూటర్ మీద వచ్చారు. లుంగీ మీదే వచ్చారు. ముందు కొక్కేనికి చేపల సంచీ వేలాడుతోంది. మార్కెట్ నుంచి ఇంటికెళ్లి, బీరువా తీసి, సంచీ దింపకుండానే తిరిగి వచ్చారన్న మాట. అంత తొందరగా ఎలా వచ్చారో నాకు ఇప్పటికీ తెలీదు. కార్డు నా చేతిలో పెట్టి, గేటు మనిషితో హిందీలో, మా కోడలు, మొండిది, లోపలికి పంపు భాయ్ అన్నారు. కార్డు తడిగా ఉంది. చేపల వాసన.

లోపల పరీక్ష మొదలై చాలాసేపటి వరకు నా వేళ్లు ముక్కు దగ్గరికి వస్తే అదే వాసన. ఇంగ్లీషు భాగం నా బలం. ఆ రోజు పేరా చివరికి వచ్చేసరికి మొదటి వాక్యం గుర్తుండేది కాదు. తలలో ఒకటే తిరిగేది, ఎవరిది అని ఎందుకు అడిగారు. ఎవరిదో తెలీదా? నలభై నిమిషాల ఆ భాగం అలాగే పోయింది. రైలు లెక్క ఒకటి వచ్చింది. అది చేశాను.

ఫలితం వచ్చింది. ఏ ఒక్క కాలేజీ నుంచీ పిలుపు రాలేదు. ఇంగ్లీషులో కటాఫ్ కింద పడ్డాను.

ఓడిపోవడం వేరు. ఆ తరవాత ఏడాది వేరు. ఇంటికి ఎవరొచ్చినా మావయ్య ఆ కథ చెప్పేవారు. చేపలు బేరమాడుతుండగా ఫోన్ రావడం, సగం కోసిన చేప అక్కడే వదిలి పరిగెత్తడం, స్కూటర్ మీద సిగ్నల్ దాటడం. ప్రతిసారీ ఒక కొత్త ముక్క కలిసేది. ఆయన రాకపోతే నేను పరీక్షే రాసేదాన్ని కాదు, అది నిజం. ముందే చెప్పారు, అదీ నిజం. అందుకే ఆ గదిలో నాకు నోరు లేకుండా పోయింది. వెక్కిరించిన మనిషి మీద కోపం పెట్టుకోవచ్చు. సాయం చేసి వెక్కిరించిన మనిషిని ఏం చెయ్యాలి? కథ అయ్యాక వచ్చిన వాళ్లు నా వైపు చూసి, మావయ్యకి థాంక్స్ చెప్పావా అమ్మా అనేవారు. నేను టీ కప్పులు సర్దేదాన్ని. నిజానికి చెప్పలేదు. ఆ రోజు గేటు దగ్గర కుదరలేదు, తరవాత ఆయన కుదరనివ్వలేదు. పరీక్ష అయిన సాయంత్రమే ఆయన కార్డు అడిగి తీసుకుని మళ్లీ బీరువాలో పెట్టేశారు. నేను ఇచ్చేశాను. అది కూడా నా తప్పే.

కాంట్రాక్టు మళ్లీ రాశారు. ఎక్కడికి పోతావులే. ఆరోసారి.

రెండో ఏడు దరఖాస్తు పెట్టిన వారానికే సెలవు పెట్టి రంగత్ వెళ్లాను. ఆధార్ ఇమ్మని నాన్నని అడిగాను. ఒరిజినల్ ఇల్లు దాటకూడదు, పరీక్ష నాటికి నేనే తెస్తాను అన్నారు. మీరు వచ్చే రోడ్డు ఎలాంటిదో నాకు తెలుసన్నాను. రెండు రోజులు నాన్న ట్రంకు జోలికి పోలేదు. మూడో రోజు తెల్లవారి బస్సుకి బయల్దేరుతుంటే అమ్మ ట్రంకు తెరిచి, కార్డు తీసి, నా కుర్తా జేబులో పెట్టి, పైన పిన్నీసు పెట్టింది. పోర్ట్ బ్లెయిర్ వరకు, బస్సుతో సహా బార్జి మీద సముద్రపు పాయ దాటేటప్పుడు కూడా, చేయి దాని మీద నుంచి తియ్యలేదు.

ఆ కార్డు సంగతి డెలానీపూర్‌లో చెప్పలేదు. మావయ్య ఈసారి ఏమీ అడగలేదు.

పరీక్ష రోజు ఆటోలో వెళ్లాను. మళ్లీ అదే సెంటర్. గేటుకి ఎదురుగా, పాన్ బండి నీడలో, స్కూటర్ ఆపుకుని మావయ్య ఉన్నారు. ఇస్త్రీ చొక్కా, ప్యాంటు. చొక్కా జేబులోంచి నా ఓటరు కార్డు అంచు కనపడుతోంది. రమ్మని నేను పిలవలేదు. ఇస్తానని ఆయన చెప్పలేదు. నన్ను చూసి జేబు మీద చేయి వేసి ఊరుకున్నారు. అడగమని ఆగారో, అడగక్కరలేదని చెప్పడానికి వచ్చారో నేను ఇప్పుడు కూడా చెప్పలేను. నేను కుర్తా జేబుకి పెట్టుకున్న పిన్నీసు విప్పి ఆధార్ తీసి గేటు మనిషికిచ్చాను. లోపలికి వెళ్లేముందు ఒక్కసారి తిరిగి చూశాను. ఆయన స్కూటర్ స్టార్ట్ చెయ్యలేదు. గేటు మూసేదాకా అక్కడే ఉన్నారని తరవాత అత్త చెప్పింది. పరీక్ష అయి బయటికొచ్చేసరికి గేటు మనిషి నన్ను చూసి నవ్వాడు. కిందటేడు చేపల కథ మావయ్య అతనికి కూడా చెప్పి వెళ్లారన్న మాట.

ఈసారి మూడు కాలేజీలు పిలిచాయి. ఇంటర్వ్యూలో ఒకాయన మా అడవిలోని తెగల గురించి చెప్పమన్నాడు. ఆ రోడ్డు మీద వెళ్లేటప్పుడు కిటికీలోంచి వాళ్లని తేరిపార చూడకూడదని మాకు చిన్నప్పటి నుంచి నేర్పారు, అందుకని నాకు తెలీదు అన్నాను. ఆయన ఏదో రాసుకున్నాడు. పోయిందనుకున్నాను. ఆ కాలేజీలోనే సీటు వచ్చింది.

బయల్దేరే రోజు ముందు గదిలో నా దుప్పటి మడిచి దివాన్ మీద పెట్టాను, ఈసారి కనపడేలా. అట్టపెట్టె అత్తకిచ్చేశాను. మావయ్య విమానాశ్రయానికి వచ్చారు. లోపలికి వెళ్లే గేటు దాకా వస్తే, ఇప్పుడిస్తారు అనుకున్నాను, కార్డు. అడుగుతాననుకుని ఆయన, ఇస్తారనుకుని నేను, కాసేపు నిలబడ్డాం.

"ఓటుకి రావాలి కదా. నా దగ్గరే ఉంటది" అన్నారు.

కాబట్టి నేను దీవి దాటాను గానీ, కాగితం మీద ఇప్పటికీ డెలానీపూర్ క్వార్టర్‌లోనే ఉన్నాను, ఇనప బీరువా రెండో అరలో. ఆన్‌లైన్‌లో చిరునామా మార్చుకోవచ్చట. ఫారం సగం నింపి వదిలేశాను. మార్చాలంటే ఆ బీరువాలో కార్డు ఇక చెల్లదని ఆయనకి చెప్పాలి.

హాస్టల్ వెనకే రైలు పట్టాలు. ఆదివారం ఆదివారం మావయ్య ఫోన్ చేస్తారు. భోజనం ఎలా ఉంది, ఎండలెలా ఉన్నాయి. ఆఖర్న ఒకటే మాట, "రైలు ఎక్కావేటే?"

వచ్చిన రెండో వారంలోనే ఎక్కాను. టికెట్టు కొనుక్కుని, పని లేకపోయినా, నాలుగు స్టేషన్లు వెళ్లి తిరిగి వచ్చాను. దారిలో ఎదురుగా ఇంకో రైలు వచ్చి దాటింది. చేతి గడియారం చూసుకుంటూనే ఉన్నాను, పన్నెండు సెకన్లు.

ఆయనకి చెప్పలేదు.